ముహూర్తానికి పూసే చెట్టు



ఉగాది దగ్గర పడింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఈ మూడు ఊళ్ళ చుట్టూ ఏ దారిన పోయినా ఇప్పుడు రెండు కనబడతాయి. ఒకటి పూత. రెండోది పెండ్లి ఫ్లెక్సీ. బాణం గుర్తు వేసి, వధూవరుల పేర్లు రాసి, రోడ్డు పక్కన ఏదో చెట్టుకు కట్టి ఉంటారు. బాణం ఎటు చూపిస్తే అటు కారు తిప్పుకుంటాం. దాన్ని కట్టిన చెట్టు మొగ్గ వేసిందా, పూసిందా అని ఎవరం చూడం. ఈ పూట ఆ చెట్టు గురించి మాట్లాడుకుందాం. పెండ్లి జరిగే తోటలో, వసంతంలో పూసిన చెట్టును మంచి ఫోటో తీయడం ఎట్లా? అదీ మన విషయం.

ముందు ఒక మాట. మన ప్రాంతం సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైన ఉంది. ఎండలు ముదిరినా తెల్లవారుజామున కొంచెం చలిగాలి ఉంటుంది. ఆ చల్లటి పూట ఫోటోకు చాలా మంచిది. దాన్ని మనం నిద్రలోనో, మేకప్పులోనో పోగొట్టుకుంటున్నాం.

మా వైపు పెండ్లి పద్ధతి మీకు తెలిసిందే. ముందురోజు రాత్రి రిసెప్షన్. మర్నాడు తెల్లవారగానే ముహూర్తం. అంటే పెండ్లికొడుకు, పెండ్లికూతురు, చుట్టాలు, ఫోటోగ్రాఫరు... అందరూ సూర్యుడు రాకముందే ఆ మండపంలోనే ఉంటారు. ఇది మనకు కలిసొచ్చిన వసతి. వేరే చోట్ల ఫోటోగ్రాఫర్లు పొద్దుటి వెలుగు కోసం జంటను బతిమాలి లేపుకుని రావాలి. మన దగ్గర పురోహితుడే లేపి కూర్చోబెడతాడు.

కాబట్టి మొదటి సంగతి ఇది. పూతను పొద్దున్నే తీయండి. మళ్ళీ చెబుతున్నాను, పొద్దున్నే. సూర్యుడు వచ్చిన గంట, గంటన్నర లోపల.

ఎందుకంటారా? మన పూలు చాలావరకు చిన్నవి. మామిడి పూత చూడండి. ఒక్కొక్క పూగుత్తిలో వందల కొద్దీ, ఒక్కోసారి వేల కొద్దీ పువ్వులుంటాయి. ఒక్కో పువ్వు చాలా చిన్నది. కానుగ పువ్వు చిన్నది. వేపపువ్వు మరీ చిన్నది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఇవి ఫోటోలో కనబడవు. చెట్టంతా ఒక మురికి పచ్చ ముద్దగా వస్తుంది. "చెట్టు నిండా పూత ఉన్నింది, ఫోటోలో ఏమీ లేదే" అని చాలామంది అంటారు. పూత ఉంది. దాని వెనక వెలుగు లేదు.

రెండో సంగతి అదే. వెలుగు పువ్వు వెనక నుంచి రావాలి. మనకు ఫోటో స్టూడియో నేర్పిన పాఠం వేరు. సూర్యుణ్ణి వీపుకు పెట్టుకో, ముఖం మీద వెలుగు పడాలి అని. మనిషి ముఖానికి అది సరే. పూతకు మాత్రం తిరగేయండి. మీరు తూర్పుకు తిరిగి నిలబడండి. చెట్టు మీకూ సూర్యుడికీ మధ్య ఉండాలి. అప్పుడు మామిడి పూగుత్తి అంచులన్నీ వెలుగుతాయి. లేత రాగిరంగు చిగురులో నుంచి వెలుగు ఇటు వస్తుంది. మధ్యాహ్నం మురికిగా కనబడిన చెట్టే పొద్దున దీపం పెట్టినట్టుంటుంది.

ఫోన్‌తో తీసేవాళ్ళకు చిన్న చిట్కా. తెర మీద పువ్వున్న చోట వేలితో తాకండి. చాలా ఫోన్లలో పక్కన ఒక చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని మెల్లగా కిందికి లాగండి. ఫోటో కొంచెం చీకటి పడుతుంది. పువ్వు రంగు నిలబడుతుంది. పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం పూత దగ్గర వాడొద్దు. వెనకంతా మసక చేసే ఆ ఏర్పాటుకు సన్నటి పూరెమ్మలు అర్థం కావు. ఏది పువ్వో, ఏది ఆకాశమో తేల్చుకోలేక అంచుల్ని తినేస్తుంది. దానికంటే రెండడుగులు వెనక్కి వచ్చి, ఫోన్‌లో దూరాన్ని దగ్గర చేసే జూమ్ లెన్స్ ఉంటే దానితో తీయండి. నిజంగా మసకబారాల్సింది దానంతట అదే మసకబారుతుంది.

సరే, ఇప్పుడు తోటలోకి వెళ్దాం.

మాఘమాసంలో ముహూర్తాలు ఎక్కువ. ఆ నెలలో మన వైపు మామిడి పూత. మన చిత్తూరు సీమలో తోతాపురి ఎక్కువ, మా రైతులు బెంగుళూరా అంటారు. పుంగనూరు దారిలో, పలమనేరు దారిలో మామిడి తోటల నడుమ ఫంక్షన్ హాళ్ళు లేచాయి. ఇదివరకు హాలు లేదు, తోపే ఉండేది. తోపులో పందిరి, పందిట్లో పెండ్లి. మామిడి పూతకూ పెండ్లికీ మన కవులు కలిపిన చుట్టరికం కూడా ఉంది. మన్మథుడి అయిదు బాణాల్లో చూతం ఒకటి, అంటే మామిడి పువ్వే. పెండ్లి ఫోటోకు అంతకంటే యోగ్యమైన పువ్వు ఏముంటుంది? అయినా స్టేజీ వెనక కట్టేది ఏమిటి? గులాబీ రంగు ప్లాస్టిక్ చెర్రీ కొమ్మ! బయట అసలు పూత ఘుమఘుమలాడుతుంటే లోపల జపాను చెట్టు బొమ్మ.

మామిడి కింద ఫోటో తీసేవాళ్ళు కొన్ని తెలుసుకోవాలి. పూత మీద తేనెమంచు పురుగు వాలి ఉంటే జిగురు రాలుతుంది. పైకి చూస్తే కనబడదు. చెట్టు కింద గడ్డిని చేత్తో తాకి చూడండి. జిగురుగా ఉంటే అక్కడ పట్టుచీరతో నిలబెట్టొద్దు. నీరుగట్టువారిపల్లె మగ్గం మీద నేసిన పట్టు మీద ఆ జిగురు పడితే, దాని మీద దుమ్ము అంటుకుంటే, పెండ్లికూతురు అమ్మ ముందు ఎవరు నిలబడతారు? లెన్స్ మీద పడినా అంతే, తుడవబోతే పూసుకుంటుంది. రెండోది, మందు కొట్టిన రోజు తోటలోకి పోవద్దు. ముందురోజే తోట రైతును అడగండి. "అన్నా, ఎప్పుడు మందు కొట్టినావు?" అని అడిగితే ఆయన నిజం చెబుతాడు. మూడోది, కొమ్మ వంచొద్దు, ఊపొద్దు. పూలవాన కురిసినట్టు వీడియో రావాలని ఒకడు కొమ్మ పట్టుకుని ఊపుతాడు. ఆ రాలేది రైతు పంట. పూతలో కాయగా నిలిచేదే కొంచెం. ఆ కొంచెంలో మనం మరికొంచెం రాల్చి పోతే ఆయన ఊరుకుంటాడా? ఊరుకోకూడదు కూడా.

మామిడి తర్వాత ఫాల్గుణం. అడవి వైపు మోదుగ ఎర్రబడుతుంది. ఆకు ఒక్కటి ఉండదు, చెట్టంతా పువ్వే. దాని ఫోటో తోటలో దొరకదు, రోడ్డు పక్కనో, గుట్ట అంచునో దొరుకుతుంది. మైనాలు, తేనెపిట్టలు తెల్లవారగానే చేరతాయి. పెండ్లి జంటను అక్కడికి తీసుకుపోయే తీరిక ఎవరికీ ఉండదు గనక దాన్ని దాటేస్తున్నాను.

నేను ఎక్కువసేపు ఆగాలనుకున్న చెట్టు కానుగ.

కానుగను మనవాళ్ళు లెక్కపెట్టరు. నీడకు నాటుతారు, పళ్ళు తోముకోవడానికి పుల్ల విరుస్తారు, పొలానికి ఆకు కొడతారు. ఫంక్షన్ హాలు కట్టేవాడు పార్కింగు కోసం మొదట కొట్టేది దాన్నే. కానీ ఉగాది ముందూ వెనకా దాన్ని చూడండి. పాత ఆకు రాల్చి, నూనె రాసినట్టు మెరిసే లేతాకు వేస్తుంది. ఆ ఆకుల సందుల్లో తెలుపూ లేత ఊదా కలిసిన పువ్వు. పువ్వు కొమ్మ మీద ఉన్నప్పటికంటే రాలినప్పుడు ఇంకా బాగుంటుంది. తెల్లవారేసరికి చెట్టు కింద బొరుగులు పోసినట్టు నేలంతా పరుచుకుని ఉంటుంది.

అక్కడే అసలు చిక్కు వస్తుంది. మండపం మేనేజరు తెల్లవారుజామున అయిదింటికే మనిషిని పంపిస్తాడు. ఆమె చీపురు తీసుకుని ఆ పూలన్నీ ఊడ్చి, కుప్ప చేసి, ఒక మూల పోస్తుంది. ఆమె పని ఆమె చేసింది. తర్వాత అదే చోట డెకరేషన్ కుర్రాడు వచ్చి, డబ్బు పెట్టి కొన్న బంతిపూల రెక్కలు చల్లుతాడు!

కాబట్టి ఫోటోగ్రాఫరు తమ్ముళ్ళకు నా మాట. రిసెప్షన్ రాత్రే తోట ఒక్క చుట్టు తిరగండి. టార్చి వేసి చూడండి. ఏ చెట్టు కింద పువ్వు రాలుతోంది? తెల్లారితే సూర్యుడు ఎటు నుంచి వస్తాడు? మధ్యలో జనరేటరు ఉందా, షామియానా ఉందా? చూసుకుని, ఊడ్చే అక్కకు ఒక్క మాట చెప్పండి. "అక్కా, ఆ కానుగ కింద రేపు ఎనిమిదిదాకా ఊడ్వొద్దు. ఫోటో తీసుకున్నాక ఊడుద్దురులే" అనండి. ఆమె నవ్వి, సరే నాయనా అంటుంది. ఖర్చు లేని డెకరేషన్ అది.

పొద్దున ఆ రాలిన పూలను నిలబడి పైనుంచి తీయకండి. మోకాళ్ళ మీద కూర్చోండి. ఇంకా వీలైతే ఫోన్‌ను తలకిందులు చేసి, లెన్స్ నేలకు ఆనేంత కిందికి దించండి. అప్పుడు పూల పరుపు దూరందాకా పోతుంది. దాని అవతల పారాణి పెట్టిన రెండు జతల కాళ్ళు నడిచి వస్తే చాలు. ముఖాలు కూడా అక్కర్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. కానుగ పూసిందంటే తేనెటీగలు వస్తాయి. అవి పువ్వు మీద పని చేసుకుంటుంటే మనల్ని పట్టించుకోవు. కానీ పెద్ద మాను మీద కొండ తేనెపట్టు ఉంటే సంగతి వేరు. దాని కింద టపాకాయ కాల్చొద్దు. రంగుపొగ గొట్టం వెలిగించొద్దు. పట్టు దగ్గరికి డ్రోను పంపొద్దు. పొగకూ, మోతకూ అవి లేచాయంటే పెండ్లి పందిరి ఖాళీ. మళ్ళీ చెబుతున్నాను. ఫోటోకు ముందు తలెత్తి చెట్టు మీద పట్టు ఉందేమో చూడండి. తర్వాతే తక్కినవి.

పుంగనూరు వాళ్ళకు ఇంకో భాగ్యం ఉంది. పుంగనూరు ఆవు. ఎత్తు మూడడుగులకు అటూ ఇటూ. ఈమధ్య గోపూజకనీ, ఫోటోలకనీ పెండ్లిళ్ళకు తీసుకొస్తున్నారు. మామూలు ఆవును చెట్టు కింద నిలబెడితే వంగిన కొమ్మలో పువ్వు దాని వీపు వెనక దాక్కుంటుంది. పుంగనూరు ఆవు అయితే ఆవూ, పక్కన కూర్చున్న పెండ్లికూతురూ, పైన పూసిన కొమ్మా ఒక్క ఫ్రేములో ఇమిడిపోతాయి. ఫ్లాష్ మాత్రం వెయ్యకండి. పాపం, బెదురుతుంది.

ఇక హార్సిలీ కొండకు వెళ్దాం. మదనపల్లె దగ్గర ఈ కొండ నాలుగు వేల అడుగులకు పైన. మనవాళ్ళు ఏనుగు మల్లమ్మ కొండ అనేవాళ్ళు. హార్స్లీ అనే కలెక్టరు దొర చల్లదనానికి మెచ్చి ఇల్లు కట్టుకున్నాక ఆయన పేరు పడింది. అక్కడ 1859లో నాటారని చెప్పే ఒక పెద్ద నీలగిరి చెట్టు ఉంది. దాని పేరు కల్యాణి. పెండ్లి జంటలు దాని కింద ఫోటో తీసుకోవడానికి ఆ పేరొక్కటి చాలదూ? కాకపోతే ఫోటోలో దాని మొదలు తప్ప ఏమీ పట్టదు, అంత పొడవు.

కొండమీద వసంతంలో చూడాల్సింది జకరండా. ఊదా, నీలం కలిసిన రంగు. దక్షిణ అమెరికా చెట్టు. ఇది ఫోన్లను బాగా ఏమారుస్తుంది. ఒక ఫోటోలో నీలంగా, ఇంకో ఫోటోలో గులాబీగా వస్తుంది. కంటికి కనబడిన ఊదా రాదు. దానికి మందు నీడే. మబ్బు పట్టిన పొద్దున, లేదా ఎండ ఇంకా చెట్టు మీద పడనప్పుడు తీయండి, రంగు దగ్గరగా వస్తుంది. పెండ్లికూతురు ఆవపువ్వు పసుపు చీర కడితే ఆ ఊదా ఇంకా లేస్తుంది. అదే ఊదా చీర కడితే ఇద్దరూ మునిగిపోతారు, చెట్టూ, అమ్మాయీ. ఇంకో సంగతి. కొండమీది గాలిబండ దగ్గర గాలి పేరుకు తగ్గట్టే ఉంటుంది. పొద్దెక్కే కొద్దీ పెరుగుతుంది. కొమ్మ ఊగితే పువ్వు చెదిరిపోతుంది. ఇక్కడ కూడా మాట అదే, పొద్దున్నే.

వైశాఖంలో పెండ్లి అయితే రేల ఉంది, తురాయి ఉంది. రేల గెలలు పసుపు దండలు. వెలుగు వెనక పెడితే చాలు, వేరే విద్య అక్కర్లేదు. తురాయి ఎరుపు కష్టం. ఎండలో తీస్తే రేకులు కనబడక ఎర్రటి మరకగా వస్తుంది. ఇందాక చెప్పిన చిన్న సూర్యుణ్ణి బాగా కిందికి లాగండి. ఎర్ర చీరతో దాని కింద నిలబడకండి.

కుప్పం వైపు వాళ్ళు, మాకు చామంతి, బంతి తోటలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. బాగుంటాయి కూడా. అవి సాగు చేసిన పూలు, వరుసలు వరుసలుగా ఉంటాయి. పెండ్లికి అవి ఎలాగూ గుచ్చి, కట్టి, బుట్టల్లో వస్తాయి. నేనడిగేది చెట్టు పూసిన పూత. కోసి తేలేని పువ్వు. మనమే దాని దగ్గరికి పోవాల్సిన పువ్వు.

ఇంతదాకా ఫోటో సంగతి చెప్పాను. ఇప్పుడు అసలు మాటకొస్తాను.

పెండ్లి ముహూర్తం పంచాంగం చూసి పెడతారు. చెట్టుకూ ఒక పంచాంగం ఉంది. ఈ రెండూ ఒక రోజు కలవడం ఇప్పుడు అదృష్టం మీద ఉంది. చెట్టు కోసం ముహూర్తం మార్చుకోమని నేను చెప్పను. చెబితే పెద్దవాళ్ళు నన్ను ఈ రేడియోలోంచి లాగేస్తారు. నేను చెప్పేది, ముహూర్తాలకు సరిపోయే చెట్లు నాటుకోమని.

ఇది కొత్త ఆలోచన కాదు. బెంగుళూరు మనకు రెండు మూడు గంటల దారి. అక్కడ లాల్‌బాగ్ చూసుకున్న జర్మన్ తోటమాలి ఒకాయన ఉండేవాడు, గుస్టావ్ క్రుంబీగెల్. 1893లో మొదట బరోడాకు వచ్చి, తర్వాత మైసూరు సంస్థానంలో చేరాడు. ఒక చెట్టు పూత రాలిపోయే వేళకు ఇంకో చెట్టు పూత మొదలవ్వాలి, ఏడాది పొడుగునా ఊళ్ళో ఎక్కడో ఒకచోట పువ్వు ఉండాలి... ఇదీ ఆయన పద్ధతి. ఈరోజు బెంగుళూరు వీధుల్లో నెలకొక రంగు కనబడుతోందంటే దానికి మూలం ఆ లెక్క.

చెట్టు పంచాంగాన్ని రాసి పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. జపానులో అయితే సకురా, అంటే చెర్రీ పూత కోసం ప్రభుత్వ వాతావరణ శాఖే కాపు కాస్తుంది. టోక్యోలో ఒక గుర్తు చెట్టు ఉంది. దాని మీద అయిదారు పువ్వులు విచ్చుకుంటే చాలు, ఊళ్ళో పూత వచ్చిందని ప్రకటిస్తారు. క్యోటో నగరంలో పూత ఏ ఏడు ఏ రోజున వచ్చిందో తొమ్మిదో శతాబ్దం నుంచి రాతలున్నాయి. 2021లో మార్చి 26నే నిండుగా పూసింది. అంత ముందుగా పూసిన ఏడు అప్పటిదాకా ఉన్న ఆ రాతల్లో ఇంకొకటి లేదు. ఎండలు పెరుగుతున్నాయనడానికి శాస్త్రజ్ఞులు ఆ లెక్క చూపిస్తున్నారు. ఆ లెక్క ఎక్కడిది? ఎవరో రాజు, ఎవరో సన్యాసి డైరీలో పూల పండుగ తేదీ రాసుకోబట్టే కదా.

మన పెండ్లి ఆల్బమూ అలాంటి డైరీయే. దానికి తేదీ ఉంటుంది, ఊరు ఉంటుంది. పాత ఆల్బం ఉంటే ఒకసారి తీసి చూడండి. వెనక మామిడి చెట్టు ఉంటే పూత ఉందా, పిందె ఉందా గమనించండి. ఈ ఏడు అదే తేదీకి ఎట్లా ఉందో పోల్చుకోండి. మనుషుల ముఖాలన్నీ అయ్యాక చెట్టును మాత్రమే ఒక ఫోటో తీసి ఆల్బంలో పెట్టమని మీ ఫోటోగ్రాఫరును అడగండి. ఒక్క పేజీ. పట్టపగలు అరుంధతీ నక్షత్రం చూపించే ఫోటోకు పేజీ ఇస్తున్నాం, నిజంగా కనబడే పువ్వుకు ఇవ్వలేమా?

చివరగా, కల్యాణ మండపాలు, ఫంక్షన్ హాళ్ళు నడిపే యజమానులకు ఒక విన్నపం. ఆషాఢంలో మీ హాలు ఖాళీ. ముహూర్తాలు ఉండవు, వానలు మొదలవుతాయి. ఆ నెలలోనే నాటండి. మాఘానికి ఒక అంటు మామిడి. చైత్రానికి రెండు కానుగలు. వైశాఖానికి ఒక రేల. లాను ఉన్న చోట తూర్పు గోడ వారగా నాటండి, పొద్దుటి వెలుగు వాటి వెనక నుంచి రావాలి కాబట్టి. వాటికీ లానుకూ మధ్య స్తంభాలూ, జనరేటరూ పెట్టకండి. అంటు మామిడి నాలుగైదేళ్ళలో పూతకు వస్తుంది. ఇప్పటికే ఒక కానుగ ఉంటే దాన్ని పార్కింగు కోసం కొట్టకండి, దాని చుట్టూ కార్లు నిలపండి.